67 గెలిచిన జట్టు

2006-07 సీజన్‌లో డల్లాస్ మావరిక్స్ బాస్కెట్‌బాల్ జట్టు 82 ఆటలాడి 67 గెలిచింది. ఎన్‌బీఏలో ఆ ఏడు అంతకు మించి గెలిచిన జట్టు లేదు. మావరిక్స్ చరిత్రలోనూ అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. అదే జట్టు ప్లేఆఫ్స్ మొదటి రౌండులోనే గోల్డెన్ స్టేట్ వారియర్స్ చేతిలో ఓడి ఇంటిదారి పట్టింది. వారియర్స్ ఆ ఏడు గెలిచినవి 42, ఓడినవి 40. సీజన్ ఆఖరి రోజున గానీ వాళ్ళకి ఎనిమిదో స్థానం ఖాయం కాలేదు. ఏడు ఆటల సిరీస్‌లో ఎనిమిదో నంబరు జట్టు ఒకటో నంబరు జట్టును ఓడించడం ఎన్‌బీఏలో అదే మొదటిసారి.

ఈ సంగతి చెప్పేవాళ్ళు సాధారణంగా ఏదో పిడుగు పడ్డట్టు చెబుతారు. ఆ ఏడాదంతా నేను డల్లాస్ పక్కనే ఇర్వింగ్‌లో ఉండి ఆ జట్టుని చూశాను. నేను చూసినంతలో అది ఆకాశం నుంచి ఊడిపడ్డది కాదు. నవంబరు నుంచీ కనిపిస్తూనే ఉంది. గెలుపుల హోరులో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు, అంతే.

అప్పటికే ఇర్వింగ్‌లో మెకార్థర్ బొలివార్డ్ చుట్టుపక్కల అపార్టుమెంట్లలో మనవాళ్ళు బాగా స్థిరపడ్డారు. శనివారాలు టెన్నిస్ బంతితో క్రికెట్, ఆదివారాలు ఎవరింట్లోనో భోజనాలు. బాస్కెట్‌బాల్ మాకు ఆఫీసు ద్వారా వచ్చింది. సోమవారం పొద్దున్న కాఫీ దగ్గర నలుగురు చేరితే మాట మావరిక్స్ మీదికే వెళ్ళేది. అందులో పాలుపంచుకోవాలంటే కనీసం స్కోరైనా తెలిసుండాలి. అలా స్కోరు కోసం మొదలుపెట్టి, 2006 జూన్‌కల్లా ఫైనల్స్‌లో గోళ్ళు కొరుక్కునే దాకా వచ్చాను. ఆ ఫైనల్స్‌లో మావరిక్స్ మయామీ హీట్ మీద మొదటి రెండు ఆటలూ గెలిచింది. మూడో ఆటలో నాలుగో క్వార్టర్లో 13 పాయింట్ల ఆధిక్యం. అది నిలిచి ఉంటే సిరీస్ ముగిసిపోయినట్టే. కానీ హీట్ తరఫున డ్వెయిన్ వేడ్ విజృంభించాడు. ఆ ఆట 98-96తో పోయింది, దాని వెనకే వరసగా మరో మూడూ పోయాయి. డల్లాస్‌లో ఊరేగింపు ఏ దారిన వెళ్ళాలో కూడా అనుకున్న రోజులవి. ఆఖరికి ఊరేగింపు మయామీలో జరిగింది.

ఆ అవమానం మీద మొదలైంది కొత్త సీజన్. మొదటి నాలుగు ఆటలూ ఓడారు. ఆ నాలుగింటిలో ఒకటి, నవంబరు 6న ఓక్లండ్‌లో వారియర్స్ మీద, 107-104. ఎవరూ పెద్దగా తలకెక్కించుకోలేదు, ఎందుకంటే ఆ తర్వాత జట్టు వరసగా పన్నెండు గెలిచింది. ఆ వరస తెగాక కొన్నాళ్ళకి పదమూడు. అదీ తెగాక పదిహేడు. పన్నెండు, అంతకు మించిన వరస విజయాలు ఒకే సీజన్లో మూడుసార్లు సాధించిన జట్టు అంతకు ముందు లేదు.

ఆ చలికాలం సాయంత్రాల గురించి చెప్పకుండా ఓటమి గురించి చెప్పడం అన్యాయం. డర్క్ నొవిట్స్కీ జర్మనీవాడు, ఏడడుగుల మనిషి. అంత పొడుగు మనిషి రింగు కింద నిలబడి తోసుకోవాలిగానీ ఇరవై మూడడుగుల అవతల నుంచి బంతి విసరడమేమిటని మొదట్లో నాకు వింతగా ఉండేది. ఆ ఏడు సగటున ఆటకి 24.6 పాయింట్లు చేశాడు. మామూలు షాట్లలో యాభై శాతం, త్రీ పాయింటర్లలో నలభై శాతం, ఫ్రీ త్రోలలో తొంభై శాతం, మూడూ దాటాడు. బాస్కెట్‌బాల్ తెలిసినవాళ్ళకి ఈ మూడు అంకెలు చెబితే చాలు, ఇంకేం అడగరు. జేసన్ టెర్రీ త్రీ వేశాక రెండు చేతులూ రెక్కల్లా చాపి కోర్టంతా విమానంలా తిరిగేవాడు. జాష్ హోవర్డ్ రెండు వైపులా ఆడేవాడు. డెవిన్ హారిస్ కాళ్ళలో మెరుపుండేది. జెర్రీ స్టాక్‌హౌస్ అంతటివాడు బెంచీ మీది నుంచి లేచి వచ్చి ఆడేవాడు. కోచ్ ఏవరీ జాన్సన్ పొట్టివాడు. టీవీలో ఎంత గోలలోనైనా ఆయన కీచుగొంతు విడిగా వినబడేది. అంతకు ముందేడు ఉత్తమ కోచ్ అవార్డు కూడా ఆయనదే. ఈ జట్టు అందంగా ఆడేదని అనను. పద్ధతిగా ఆడేది. ఆఖరి ఐదు నిమిషాల్లో తప్పు చేసేది కాదు. ఆఫీసులో అలిసిపోయి ఇంటికొచ్చి టీవీ పెడితే, మనవాళ్ళు గెలుస్తారన్న ధీమాతో అన్నం తినగలిగేవాళ్ళం.

మార్చి వచ్చేసరికి ఆ ధీమా మాకు మరీ అవసరమైంది. వెస్టిండీస్‌లో జరుగుతున్న ప్రపంచకప్‌లో మన క్రికెట్ జట్టు బంగ్లాదేశ్ చేతిలో, తర్వాత శ్రీలంక చేతిలో ఓడి గ్రూపు దశలోనే బయటికొచ్చేసింది. డబ్బు కట్టి ఛానల్ పెట్టించుకున్నవాళ్ళంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మా పక్క అపార్టుమెంటు కరీంనగర్ కుర్రాడు, "ఇగ మనకు ఈ బాస్కెట్‌బాలే దిక్కన్నా" అన్నాడు. అన్నాడుగానీ, అదే నెలలో అంతకు ముందే మావరిక్స్‌కీ రెండు దెబ్బలు తగిలాయి. మార్చి 12న పదిహేడు ఆటల వరస తెగింది. తెంపింది వారియర్స్, 117-100. రెండు రోజుల తర్వాత డల్లాస్‌లోనే ఫీనిక్స్ సన్స్‌తో ఆట రెండు ఓవర్‌టైములకి వెళ్ళి 129-127తో పోయింది. ఒకప్పుడు డల్లాస్ వదులుకున్న స్టీవ్ నాష్ ఆ రాత్రి 32 పాయింట్లు చేసి, 16 అసిస్టులు అందించాడు.

ఊరంతా నాష్ గురించే మాట్లాడుకుంది. వారియర్స్ గురించి ఎవరూ మాట్లాడలేదు. సీజన్ ముగిసేలోగా ఏప్రిల్‌లో మూడోసారి కూడా వారియర్స్ చేతిలోనే ఓడారు. ఆ ఆటకి ముఖ్యమైనవాళ్ళకి విశ్రాంతి ఇచ్చారు కాబట్టి దాన్నీ లెక్కలోకి తీసుకోలేదు. లీగ్ మొత్తాన్ని ఓడించిన జట్టు ఆ ఒక్క జట్టుని ఒక్కసారీ ఓడించలేదు. మూడాడితే మూడూ పోయాయి.

ఎందుకలా అంటే, వారియర్స్ కోచ్ డాన్ నెల్సన్. అంతకు ముందు ఏడేళ్ళకి పైగా ఆయన డల్లాస్ కోచ్. 1998లో ఎవరికీ తెలియని ఇరవయ్యేళ్ళ జర్మన్ కుర్రాణ్ణి డల్లాస్‌కి తెప్పించినవాడు, మొదటి ఏడు తడబడుతుంటే వెనక నిలబడ్డవాడు ఆయనే. ఏవరీ జాన్సన్‌కి కోచింగ్‌లో చేయి పట్టి దారి చూపిందీ ఆయనే. ద్రోణుడు అవతలి పక్షాన నిలబడ్డాడంటే శిష్యుడి విల్లు ఎక్కడ వంగుతుందో ఆయనకి ఒకరు చెప్పనక్కర్లేదు. పైగా ఆయన దగ్గర ఆ ఏడు ఉన్నవాళ్ళంతా చురుకైనవాళ్ళు, బెదరనివాళ్ళు. బేరన్ డేవిస్, జేసన్ రిచర్డ్‌సన్, మాంటా ఎలిస్, మ్యాట్ బార్న్స్. జనవరిలో ఇండియానా నుంచి మార్పిడిలో వచ్చిన స్టీఫెన్ జాక్సన్. పొడుగాటి సెంటర్ల కోసం ఎదురుచూడకుండా పరిగెత్తించి పరిగెత్తించి ఆడించడం నెల్సన్ పద్ధతి.

మా అమ్మానాన్న మార్చిలో వచ్చారు, పురుడు కోసం. పాప పుట్టాక అమ్మకి చేతినిండా పని, నాన్నగారికి బొత్తిగా పని లేదు. కోనసీమలో ముప్ఫై ఏళ్ళు హైస్కూలు డ్రిల్లు మాస్టారుగా చేసిన మనిషి. ఆయన స్కూలు గ్రౌండులో సిమెంటు స్తంభానికి బిగించిన రింగు ఒకటుండేది, వలలేని రింగు. దానితోనే పిల్లల్ని జోనల్ పోటీలకి తీసుకెళ్ళేవారు. ఇర్వింగ్‌లో నా సోఫాలో కూర్చుని మావరిక్స్ ఆట చూడటం ఆయనకి కాలక్షేపంగా మొదలై నాలుగు రోజుల్లో డ్యూటీ అయిపోయింది. ఆయన చూసే తీరు వేరు. బంతి ఎటు పోతే మా కళ్ళు అటు పోయేవి. ఆయన మాత్రం బంతి లేనివాళ్ళని చూసేవారు. "బంతి చూడకురా అబ్బాయ్, వాడి నడుం చూడు. కళ్ళు మోసం చేస్తాయి, భుజాలు మోసం చేస్తాయి. నడుం ఎటు తిరిగితే మనిషి అటే వెళ్తాడు" అనేవారు.

ఏప్రిల్ 22, ఆదివారం, మొదటి ఆట. ఏవరీ జాన్సన్ జట్టు కూర్పు మార్చాడు. ఏడాదంతా సెంటర్‌తో మొదలుపెట్టినవాడు ఆ రోజు సెంటర్లిద్దర్నీ కూర్చోబెట్టి, వారియర్స్ వేగాన్ని అందుకోవడానికి చిన్న జట్టుతో దిగాడు. నాన్నగారు సోఫాలో ముందుకి జరిగారు. "అరవై ఏడు గెలిచినవాడు నలభై రెండు గెలిచినవాణ్ణి చూసి మారాడేంట్రా? మారాల్సింది అవతలివాడు కదా!" అన్నారు. వారియర్స్ 97, మావరిక్స్ 85. బేరన్ డేవిస్ 33 పాయింట్లు చేశాడు. నొవిట్స్కీ పదహారుసార్లు విసిరితే నాలుగే పడ్డాయి.

నొవిట్స్కీకి ఏం జరుగుతోందో ఆ రాత్రి నాన్నగారే నాకు చూపించారు. అతన్ని కాస్తున్న స్టీఫెన్ జాక్సన్ ఆరడుగుల ఎనిమిదంగుళాలు. నాలుగంగుళాల తేడా. పైకి ఎగిరి అందుకోవాలంటే కుదరదు కాబట్టి జాక్సన్ పైకి చూడనే లేదు. కిందికి వంగి నొవిట్స్కీ తొడలకి ఆనుకుని నిలబడేవాడు. బంతి అందకముందే అతన్ని అడుగు, రెండడుగులు వెనక్కి నెట్టేవాడు. ఆ రెండడుగులకే లెక్క మారిపోయేది. బంతి చేతికొచ్చి కింద ఒక్కసారి తట్టాడో లేదో, పక్కనుంచి ఇంకొకడు వచ్చి చేయి పెట్టేవాడు. ఏడడుగుల ఎత్తుంది, ఆ ఎత్తు వాడుకునే చోటు లేదు. "పొడుగోణ్ణి పొట్టోడు కాయాలంటే ఇదొక్కటే మార్గం. ఎవరు చెప్పారో గానీ బాగా చెప్పారు" అన్నారు నాన్నగారు. చెప్పిందెవరో నేను చెప్పాను, నెల్సన్ సంగతంతా. ఆయన చాలాసేపు నవ్వారు.

రెండో ఆట డల్లాస్ 112-99తో గెలిచింది. డేవిస్, జాక్సన్ ఇద్దరూ టెక్నికల్ ఫౌళ్ళ మీద ఆట మధ్యలోనే బయటికెళ్ళారు. దారిలో పడ్డామనుకున్నాం. తర్వాత సిరీస్ ఓక్లండ్ వెళ్ళింది. వారియర్స్ 1994 తర్వాత ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. పదమూడేళ్ళ ఆకలి ఆ హాల్లో కనబడింది. పైనుంచి కిందిదాకా పసుపు టీ షర్టులు, వాటి మీద 'వుయ్ బిలీవ్' అన్న రెండే మాటలు. మా టీవీ స్పీకర్లు ఆ అరుపుకి గరగరమనేవి. మూడో ఆట 109-91, నాలుగో ఆట 103-99. సిరీస్ 3-1. ఇంకొక్కటి ఓడితే కథ ముగిసినట్టే.

నాలుగో ఆట మర్నాడు ఆఫీసులో ఒక పెద్దాయన నా డెస్కు దగ్గరికొచ్చాడు. టెక్సస్‌లోనే పుట్టి పెరిగినవాడు, ఏళ్ళ తరబడి సీజన్ టికెట్లు కొంటున్నవాడు. ఐదో ఆట టికెట్లు రెండు నా ముందు పెట్టి, "వీళ్ళని ఇంకోసారి అలా చూడటం నావల్ల కాదు, మీ నాన్నగారిని తీసుకెళ్ళు" అన్నాడు. అసలు ధర కన్నా ఒక్క డాలరు ఎక్కువ తీసుకోలేదు.

మే 1, మంగళవారం. ఇర్వింగ్‌లో ట్రినిటీ రైల్వే ఎక్స్‌ప్రెస్ ఎక్కి విక్టరీ స్టేషన్లో దిగాం. ఎదురుగానే అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్. గేటు దగ్గర నాన్నగారి జేబులో వక్కపొడి డబ్బా దొరికింది. సెక్యూరిటీ అతను మూత తీసి, వాసన చూసి, ఇంకో అతన్ని పిలిచి చూపించి, ఇద్దరూ ఆలోచించి, మూత పెట్టి తిరిగిచ్చారు. లోపలికెళ్ళాక పాప్‌కార్న్ ధర రూపాయల్లోకి మార్చుకుని, "ఈ డబ్బుకి మనూళ్ళో బస్తాడు మొక్కజొన్నలొస్తాయిరా" అన్నారు. మా సీట్లు పై అంతస్తులో, ఓ మూలకి. అక్కణ్ణుంచి చూస్తే మనుషులు చిన్నగా కనబడతారుగానీ కోర్టు మొత్తం పటం గీసినట్టు కనబడుతుంది. ఎవడు ఎవణ్ణి ఎటు నెడుతున్నాడో టీవీలో కన్నా అక్కడే బాగా తెలిసింది.

మూడు నిమిషాలుందనగా వారియర్స్ 112, మావరిక్స్ 103. మా వరసలో కొందరు లేచారు. మెట్ల మీద జనం కదలడం మొదలైంది, పార్కింగ్ రద్దీ తప్పించుకోవడానికి. నాన్నగారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. అప్పుడు నొవిట్స్కీ త్రీ వేశాడు. మెట్ల మీదివాళ్ళు ఆగి వెనక్కి చూశారు. ఇంకో త్రీ వేశాడు. వెళ్తున్నవాళ్ళు ఉన్నచోటే నిలబడిపోయారు, సీట్లకి తిరిగి వచ్చే ఓపిక లేక మెట్ల మీదే అరవడం మొదలుపెట్టారు. ఆ క్షణం నుంచి వారియర్స్‌కి ఒక్క పాయింటు రాలేదు. వరసగా పదిహేను పాయింట్లు, 118-112. నొవిట్స్కీ 30 పాయింట్లు, 12 రీబౌండ్లు. నా పక్కన కూర్చున్న ఒకావిడ, ముక్కూ మొహం తెలియనామె, నాన్నగారిని కావలించుకుంది. ఆయన నమస్కారం పెట్టారు.

తిరుగు రైల్లో అంతా పాటలు, చప్పట్లు. ఓక్లండ్‌లో ఒకటి గెలిచి వస్తే ఏడో ఆట మళ్ళీ ఇక్కడే, ఇక తిరుగులేదని లెక్కలు వేసుకుంటున్నారు. నాన్నగారు కిటికీ పక్కన కూర్చుని, "బాగా ఆడాడు. కానీ ఆ రెండూ ఎక్కణ్ణుంచి వేశాడో చూశావా? అంత దూరం నుంచి రోజూ పడవురా. లోపలికి మాత్రం వాణ్ణి ఇవాళా రానివ్వలేదు" అన్నారు. ఆ సంబరంలో ఆ మాట నాకు రుచించలేదు, ఊరుకున్నాను.

మే 3, గురువారం, ఆరో ఆట. పడమటి తీరంలో ఆట కాబట్టి మాకు బాగా పొద్దుపోయింది. పాప అప్పుడే పడుకుంది. అమ్మ గదిలోంచి తొంగిచూసి, "గొంతు లేచిందంటే టీవీ కట్టేస్తాను" అని వెళ్ళింది. అందుకని శబ్దం తీసేసి చూశాం. నేను, నాన్నగారు, కరీంనగర్ కుర్రాడు. సగం ఆట వరకూ నువ్వా నేనా అన్నట్టే ఉంది. మూడో క్వార్టర్లో వారియర్స్ వరసగా 18 పాయింట్లు చేశారు, డల్లాస్‌కి సున్నా. స్టీఫెన్ జాక్సన్ కాపలా కాయడమే కాదు, ఏడు త్రీలు వేసి 33 పాయింట్లు కూడా చేశాడు. బేరన్ డేవిస్ తొడ కండరం పట్టేసినా కుంటుతూనే ఆడాడు. నొవిట్స్కీ పదమూడు విసిరితే రెండు పడ్డాయి, మొత్తం 8 పాయింట్లు. అరుపులు లేకుండా చూడటం వల్లేమో, జరుగుతున్నది మరీ స్పష్టంగా కనబడింది. మాయా మంత్రమూ ఏం లేదు. మొదటి ఆటలో పట్టిన పట్టే ఆరో ఆటలోనూ పట్టారు. మావరిక్స్ దగ్గర దానికి జవాబు లేదు. 111-86. "గింత మంచి జట్టు గిట్లెట్ల ఓడిందన్నా?" అన్నాడు కరీంనగర్ కుర్రాడు.

నాన్నగారు దానికి జవాబు చెప్పారు. లీగులో రోజుకో ఊరు, రోజుకో జట్టు. ఇవాళ కొట్టినవాణ్ణి మళ్ళీ రెండు నెలల దాకా చూడవు. అక్కడ నీకున్న బలం చాలు. ప్లేఆఫ్స్‌లో రెండు వారాలు ఒక్కడే నీ ఎదురుగా ఉంటాడు. నీకేం వచ్చో వాడికి అక్కర్లేదు, నీకేం రాదో అదే వెతుకుతాడు. ఇక్కడ వెతకాల్సిన పని కూడా లేకపోయింది, వెతికినవాడికి ముందే తెలుసు.

పన్నెండు రోజులు గడిచాయి. మే 15న డల్లాస్‌లో సభ పెట్టి కమిషనర్ డేవిడ్ స్టెర్న్ చేతుల మీదుగా నొవిట్స్కీకి ఎంవీపీ ఇచ్చారు. ఆ అవార్డు అందుకున్న మొదటి యూరప్ ఆటగాడు అతనే. ఓట్లు ప్లేఆఫ్స్‌కి ముందే వేసేస్తారు, ప్రకటన తర్వాత వస్తుంది. అందుకే లీగ్‌లో అందరికన్నా గొప్ప ఆటగాడు అన్న బిరుదు, మొదటి రౌండులోనే ఇంటికొచ్చేసిన మనిషికి ఇవ్వాల్సి వచ్చింది. టీవీలో చూశాను. ట్రోఫీ పక్కన నిలబడి ఫోటోలకి నవ్వాడుగానీ, ఎప్పుడు వదిలిపెడతారా అన్నట్టుంది వాలకం. తర్వాత భుజాన సంచి తగిలించుకుని, చిన్నప్పటి గురువు హోల్గర్ గెష్విండ్నర్‌తో కలిసి ఆస్ట్రేలియా వెళ్ళి వారాల తరబడి తిరిగాడట. ఆరో ఆట అయ్యాక ఓక్లండ్ హాల్లో డ్రెస్సింగ్ రూముకి వెళ్ళే దారిలో కోపంతో చేతికందింది విసిరితే గోడకి బొక్క పడిందని కూడా చాలా రోజులకి తెలిసింది. అక్కడివాళ్ళు దాన్ని పూడ్చకుండా అలాగే ఉంచుకున్నారు.

డల్లాస్ మాత్రం ఆ జట్టుని ఉంచుకోలేదు. ఏడాది తిరక్కుండానే డెవిన్ హారిస్‌ని ఇచ్చి జేసన్ కిడ్‌ని తెచ్చారు. 2008లో మళ్ళీ మొదటి రౌండులోనే ఓడాక ఏవరీ జాన్సన్‌ని పంపించేశారు. 2011లో మావరిక్స్ కప్పు గెలిచేసరికి 2007 జట్టులోంచి మిగిలింది నొవిట్స్కీ, టెర్రీ, అప్పట్లో కొత్తగా చేరిన బరేయా, ఈ ముగ్గురే. ఆ 2011 జట్టు సీజన్‌లో గెలిచింది 57. ప్లేఆఫ్స్‌కి వచ్చింది మూడో నంబరుగా. ఫైనల్స్‌లో ఎదురైంది మళ్ళీ మయామీయే. ఈసారి 4-2తో డల్లాస్ గెలిచింది.

ఆ రాత్రి కోనసీమకి ఫోన్ చేశాను. నాన్నగారు అభినందనలు చెప్పలేదు. "ఈసారి పొడుగోణ్ణి ఎవరు కాశార్రా, కింద దూరలేదా?" అని అడిగారు. దూరడానికి వీల్లేకుండా పోయిందని చెప్పాను. ఈ నాలుగేళ్ళలో నొవిట్స్కీ తన చోటు మార్చుకున్నాడు. మూడు పాయింట్ల గీత దగ్గర బంతి కోసం చూడకుండా, ఫ్రీ త్రో గీతకి అటూ ఇటూ వీపు ఆనించి నిలబడి అందుకుంటున్నాడు. అక్కడ బంతి కింద తట్టక్కర్లేదు. ఒక కాలు మీద వెనక్కి వాలి, కాపలావాడి చేతుల పైనుంచి విసురుతాడు. పక్కనుంచి ఇంకొకడు వచ్చేలోపు బంతి చేతిలో ఉండదు. పొట్టివాడు తొడలకి ఎంత ఆనుకున్నా ఆ షాటు అందదు. "మరింకేం, నేర్చుకున్నాడన్నమాట" అన్నారు నాన్నగారు.

ఇప్పటికీ డల్లాస్‌లో పదిమంది చేరితే 2011 గురించే మాట్లాడతారు, 2007 పేరెత్తితే తల అడ్డంగా ఊపుతారు. నేను ఊపను. ఆరు ఆటలు అరవై ఏడింటిని రద్దు చేయలేవు. ఆ చలికాలమంతా మేం చూసిన ఆట నిజంగా ఆడిందే, నిజంగా గెలిచిందే. ఆ ఆరింటిలో బయటపడ్డ లోపమూ అంతే నిజం. అది ఓక్లండ్‌లో అంత కటువుగా బయటపడకపోతే నొవిట్స్కీ చోటు మార్చుకునేవాడా అంటే, మా డ్రిల్లు మాస్టారి లెక్కలో మాత్రం మార్చుకునేవాడు కాదు. ఆ విషయంలో నేను ఆయనతో ఎప్పుడూ వాదించలేదు.